ఏడేళ్ల బాబుకు ఒక కన్ను మసక: బాగున్న కంటికి పట్టీ ఎందుకు?

అమ్మా, మీరు రాసిన పెద్ద ఉత్తరంలోంచి నాకు అర్థమైంది ఇదీ. మీ బాబుకు ఏడేళ్లు. బడిలో కంటి పరీక్ష చేస్తే కుడి కన్ను 6/6, ఎడమ కన్ను 6/24 అని తేలింది. 6/6 అంటే మామూలు చూపు. 6/24 అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివే అక్షరం ఆ కంటికి 6 మీటర్ల నుంచి గానీ కనబడదు. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ చెప్పలేదు. వెనక బెంచీలో కూర్చుని బోర్డు చదువుతాడు, వీధిలో క్రికెట్ ఆడతాడు. కంటి ఆసుపత్రిలో ఎడమ కంటికి +4.50 అద్దం రాసి, బాగున్న కుడి కంటికి రోజూ రెండు గంటలు పట్టీ అతికించమన్నారు. అద్దాలు పెట్టి నెలవుతున్నా, కుడి కన్ను మూస్తే ఎడమ కంటికి ఇంకా మసకేనంటున్నాడు. మీ అత్తగారేమో ఉన్న ఒక్క మంచి కన్నునూ మూసి పాడుచేస్తారా అని పట్టీల డబ్బా బీరువా మీద పెట్టేశారు. టీవీ వల్ల వచ్చిందా, కంటి వ్యాయామాలతో పోతుందా అని మీ సందేహం. పనిలో పనిగా, పదకొండేళ్ల అమ్మాయికి ఏటా పెరుగుతున్న మైనస్ పవర్ గురించి కూడా అడిగారు.

నేను డాక్టరును కాను, ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు కొలిచి అద్దాల పవర్ తేల్చే పని నాది. చీకటి గదిలో స్టూలు మీద కూర్చుని పిల్లల చేత బొమ్మలు చదివించే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. అందులో ఎక్కువ కాలం చిన్నపిల్లల కంటి విభాగంలోనే గడిచింది. బీరువా మీది డబ్బా దించండి. పట్టీ ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

మీ వాడికి ఉన్నదాన్ని లేజీ ఐ అంటారు, వైద్యుల భాషలో ఆంబ్లియోపియా. పేరులో బద్ధకం ఉంది గానీ, తప్పు కంటిది కాదు. కుడి కంటికి పవర్ దాదాపు లేదు, ఎడమ కంటికి నాలుగున్నర ప్లస్ ఉంది. ప్లస్ ఉన్న కన్ను స్పష్టంగా చూడాలంటే లోపలి లెన్సును బిగించాలి. ఆ బిగింపు రెండు కళ్లకూ ఒకేసారి, ఒకే కొలతలో జరుగుతుంది. మెదడు దాన్ని కుడి కంటికి ఎంత కావాలో అంతవరకే చేసి ఆపేస్తుంది, ఎందుకంటే అక్కడికే బొమ్మ స్పష్టంగా వచ్చేసింది. ఎడమ కంటి వాటా ఎప్పుడూ మసకే. ఏళ్ల తరబడి ఒక కిటికీలోంచి స్పష్టమైన బొమ్మ, ఇంకో కిటికీలోంచి మసక బొమ్మ వస్తుంటే, మెదడు రెండో దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

దీన్ని తేల్చినవారు డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. పిల్లికూనలకు పుట్టిన తొలి వారాల్లో ఒక కంటిరెప్ప మూసి ఉంచి, కొన్నాళ్లకు తెరిచి చూశారు. కన్ను నిక్షేపంగా ఉంది, కానీ మెదడులో చూపుకు సంబంధించిన కణాలు ఆ కంటికి బదులు పలకడం దాదాపుగా మానేశాయి. పెద్ద పిల్లికి అలాగే చేస్తే ఏమీ కాలేదు. చూపు నేర్చుకోవడానికి బాల్యంలో ఒక గడువు ఉంటుందని అలా తెలిసింది. 1981లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

అద్దాలు పెట్టినా ఎడమ కన్ను ఎందుకు మసకగా ఉందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. అద్దం చేయగలిగిన పని అద్దం చేసింది, కంటి లోపల వెనకవైపు పొర అయిన రెటీనా మీద బొమ్మ స్పష్టంగా పడుతోంది. దాన్ని చదవడం మెదడుకు ఇంకా రాదు. మనకు రాని భాషలో పుస్తకం ఎంత చక్కగా అచ్చయినా చదవలేం కదా, అలాంటిదే. ఇక్కడే చాలా కుటుంబాలు దారి తప్పుతాయి. "అద్దాలు తప్పుగా ఇచ్చారు" అని వాటిని పక్కన పెట్టి ఇంకో దుకాణానికి వెళతారు. మీరు ఆ పని చేయలేదు, సంతోషం. నిజానికి కొందరు పిల్లల్లో అద్దాలు మానకుండా పెట్టుకుంటేనే మూడు నాలుగు నెలల్లో ఆ కన్ను చాలావరకు కోలుకుంటుంది. మిగిలినదాన్ని పట్టీ పూర్తి చేస్తుంది. బాగున్న కన్ను మూసి ఉన్నంతసేపూ మెదడు ఎడమ కంటితోనే చూడక తప్పదు, అలా దాని బొమ్మను చదవడం నేర్చుకుంటుంది.

ఏడేళ్లకు ఆలస్యమైపోయిందా అన్న దిగులు మీ ఉత్తరంలో రెండు చోట్ల కనబడింది. నాలుగేళ్లప్పుడు దొరికి ఉంటే పని తేలికయ్యేది, నిజమే. ఏడేళ్లంటే తలుపు మూసుకున్నట్టు మాత్రం కాదు. ఏడు నుంచి పదిహేడేళ్ల పిల్లల మీద అమెరికాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2005లో వచ్చింది. అందులో ఏడు నుంచి పన్నెండేళ్ల వాళ్లను చూస్తే, అద్దాలతో పాటు పట్టీ, మంచి కంటిని మసక చేసే చుక్కల మందు వాడిన వాళ్లలో సగానికి పైగా చెప్పుకోదగ్గ మెరుగుదల చూశారు. అద్దాలు మాత్రమే ఇచ్చిన వాళ్లలో అది నాలుగో వంతు. పన్నెండు దాటాక ఫలితం తగ్గుతూ వస్తుంది. కాబట్టి మీ చేతిలో కాలం ఉంది, వృథా చేసేంత లేదు.

"ఇన్నాళ్లూ వాడు చెప్పలేదు" అని బాధపడకండి. ఒక కన్ను మసకగా ఉండడమే లోకరీతి అనుకుని పెరిగినవాడు ఏమని చెబుతాడు? ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే మోసపోయాను. ఒక బడిలో కంటి పరీక్ష జరుగుతోంది, గంటకు యాభై మంది పిల్లలు. రెండో తరగతి పాప ఎడమ కన్ను మూసి చార్టు గడగడా చదివింది. కుడి కన్ను మూసి మళ్లీ గడగడా చదివింది. బాగుందని రాసి పంపించాను. రెండేళ్ల తర్వాత అదే పాప మా విభాగానికి వచ్చింది, ఒక కన్ను 6/60. ఆ రోజు తన వేళ్ల సందుల్లోంచి చూసి చదివిందట. అది మోసం కూడా కాదు, మాస్టారు చదవమన్నారు కాబట్టి కనబడే దారి వెతుక్కుంది. పైగా వరసలో ముందున్న పది మంది అవే అక్షరాలు పైకి చదువుతుంటే వినే ఉంటుంది. అప్పటి నుంచి పిల్లల చేతిని నేను నమ్మను. కంటిని నా అరచేతితో మూస్తాను, లేదా కన్ను మూసే చెంచాను నేనే పట్టుకుంటాను. రెండో కంటికి వచ్చేసరికి అక్షరాలు మార్చేస్తాను.

ఇంట్లో మీరూ చేయవచ్చు. గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. అందులో తేదీల పెద్ద అంకెలు, వాటి కింద తిథి, నక్షత్రం, వర్జ్యం చిన్న అక్షరాల్లో ఉంటాయి. పిల్లవాడి వెనక నిలబడి మీ అరచేతిని దొప్పలా వంచి, కంటిని నొక్కకుండా ఒక కన్ను మూయండి. ఎంత దూరం నుంచి ఏ అక్షరం దాకా చదివాడో చూడండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్ల మధ్య తేడా కనిపిస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. చదవడం రాని మూడేళ్ల వాళ్లకు ఇల్లు, ఆపిల్ పండు, గుండ్రం, చదరం బొమ్మలున్న చార్టులు ఉంటాయి. పేరు చెప్పనక్కర్లేదు, చేతిలోని కార్డు మీద అలాంటి బొమ్మనే చూపిస్తే చాలు. ఇంకా చిన్న బిడ్డ అయితే ఒక కన్ను మూసి గమనిస్తాం. ఏ కన్ను మూసినా ఒకేలా ఉంటే మంచిదే. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండో కన్ను మూయగానే ఏడ్చి చేయి తోసేస్తే, ఆ మూసినదే బిడ్డ ఆధారపడ్డ కన్ను.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు పథకాలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆంధ్రలో మొదట పరీక్షించింది బడి పిల్లలనే. బడిలో పరీక్ష అనగానే ఈసడించేవాళ్లుంటారు గానీ, మీ బాబు కన్ను దొరికింది అలాంటి చోటే కదా. నా అనుభవంలో తేడా వచ్చేది ఆ తర్వాతే. రాసిచ్చిన చీటీ పుస్తకాల సంచి అడుగున నలిగి, వేసవి సెలవుల్లో సంచి దులిపినప్పుడు బయటపడుతుంది.

పరీక్ష గురించి ఇంకొక్క మాట. చుక్కల మందు వేసి చేశారా లేదా అన్నది మీరు రాయలేదు. పిల్లల కంటి లెన్సు మెత్తగా, చురుగ్గా ఉంటుంది. కంప్యూటర్ యంత్రంలో గడ్డం ఆనించి చూస్తున్నప్పుడు కూడా లెన్సు బిగుస్తుంటుంది. అందువల్ల ప్లస్ ఉన్న పిల్లలకు ఆ యంత్రం తక్కువ ప్లస్ చూపుతుంది, ఒక్కోసారి ఏకంగా మైనస్ చూపుతుంది. కండరాన్ని వదులు చేసే మందు వేశాకే అసలు పవర్ బయటపడుతుంది. ఆ మందు వేస్తే కనుపాప పెద్దదై ఎండ భరించలేరు, పుస్తకం మసకగా కనిపిస్తుంది. ఒక రకం మందుకు ఒక రోజు, ఇంకో రకానికి రెండు మూడు రోజులు, అట్రోపిన్ అయితే పది రోజుల దాకా అలా ఉండవచ్చు, కంగారు పడకండి. అట్రోపిన్ వేశాక ముఖం ఎర్రబడినా, జ్వరం వచ్చినా మందు ఆపి ఫోను చేయండి. దుకాణంలో యంత్రం అచ్చేసిన చీటీతోనే పిల్లలకు మొదటి అద్దాలు చేయించడం నాకు అసలు నచ్చని పని.

ఇక పట్టీ. అది చర్మానికి అంటుకునేదే కావాలి. ముందు పట్టీ, దాని మీద అద్దాలు. అద్దానికి గుడ్డ తొడిగితే పిల్లలు పక్క సందులోంచి తొంగి చూస్తారు, రెండు గంటలూ దండగ. వేళ మీరే నిర్ణయించుకోండి. బడిలో వద్దు, తోటివాళ్లు ఏడిపిస్తే వాడు మళ్లీ ముట్టుకోడు. సాయంత్రం ఇంటికొచ్చి తిన్నాక కూర్చోబెట్టండి. పట్టీతో సైకిలు తొక్కడం, మెట్ల మీద పరుగెత్తడం వద్దు.

మొదటి వారం పోట్లాడతాడు. మొండితనం అనుకోకండి, మీకు జ్వరంగా ఉన్నప్పుడు మసక అద్దాలు పెట్టి పని చేయమంటే ఎలా ఉంటుందో వాడికి అలా ఉంటుంది. ఆ రెండు గంటలూ కంటికి దగ్గరి పని ఇవ్వండి. వైకుంఠపాళి ఆడించండి, రంగులు వేయించండి, కందిపప్పులో రాళ్లు ఏరించండి. మల్లెల కాలమైతే మొగ్గలు లెక్కపెట్టి వరసగా పేర్చమనండి. టీవీ అయినా ఫరవాలేదు, ఆ కన్ను తెరిచి చూడడం ముఖ్యం.

మా దగ్గరికి వచ్చే ఒక తాతగారు గోడ గడియారం కింద పొడవాటి కాగితం అంటించారు. మనవరాలి కంటి నుంచి తీసిన ప్రతి పట్టీనీ దాని మీద అతికించేవారు. కొన్నాళ్లకు అవి రైలు పెట్టెల్లా వరస కట్టాయి. ఆ పాప వాటికి చక్రాలు గీసి, ముందు ఇంజను వేసింది. ఆదివారం పట్టీ మానేస్తే రైలులో పెట్టె తగ్గుతుందని తనే అడిగి వేయించుకునేదట. ఆ కాగితాన్ని చుట్టి మా గదికి తెచ్చి నేల మీద పరిచి చూపించారు. తలుపు దాకా వచ్చింది.

ఎండాకాలంలో పట్టీ కింద చెమట పట్టి చర్మం ఎర్రబడుతుంది. ఒక్కసారిగా లాగకుండా అంచుల్లో కాస్త కొబ్బరి నూనె రాసి, రెండు నిమిషాలాగి తీయండి. మర్నాడు కొంచెం వాలుగా అతికిస్తే జిగురు అదే చోట పడదు. ఎంత చేసినా ఉంచుకోకపోతే మంచి కంటికి అట్రోపిన్ చుక్క వేసి దాన్ని కొద్దిగా మసక చేసే పద్ధతి కూడా ఉంది. దాదాపు అంతే ఫలితం ఇస్తుంది. అది మీ డాక్టరు నిర్ణయించాల్సింది.

మీ అత్తగారి భయానికి వద్దాం. దాన్ని కొట్టిపారేయను, అందులో ఒక నిజం ఉంది. మంచి కన్నును రోజంతా, నెలల తరబడి, ఎవరికీ చూపించకుండా మూసేస్తే దాని చూపు తగ్గవచ్చు. రోజుకు రెండు గంటలకు అలా జరగడం చాలా అరుదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రమ్మంటాం, వచ్చినప్పుడు రెండు కళ్లూ చూస్తాం. ఆవిడను ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుడి కన్ను మూసినప్పుడు మనవడు చార్టులో ఎక్కడ ఆగిపోయాడో ఆవిడ కళ్లారా చూడాలి. మేం పది మాటల్లో ఒప్పించలేనిది ఆ ఒక్క క్షణం ఒప్పిస్తుంది. రేపు ఆటలో బంతి తగిలి కుడి కంటికి ఏమైనా అయితే వాడికి మిగిలేది ఈ ఎడమ కన్నే అని కూడా చెప్పండి. అందుకే వాడి అద్దాలు తేలిగ్గా పగలని పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌తో చేయించమంటాను.

చూపు 6/9కో 6/6కో వచ్చిందనగానే పట్టీ విసిరేయకండి. ఆపేసిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి ఏడాదిలోపు చూపు కొంత వెనక్కి జారుతుంది. క్రమంగా తగ్గిస్తూ ఆపుతారు. అద్దాలు మాత్రం కొనసాగాలి.

టీవీ వల్ల ఇది రాలేదు. వ్యాయామాలతో పోదు. కనుగుడ్లు గుండ్రంగా తిప్పడం, కొవ్వొత్తి జ్వాలను చూడడం, అరచేతులు రుద్దుకుని కళ్లకు ఆనించుకోవడం వల్ల నాలుగున్నర ప్లస్ కరగదు. పొన్నగంటి కూరను పోయిన కంటి కూర అని మా నాయనమ్మ కూడా అనేది. వండండి, మంచిదే. తోటకూర, మునగాకు, బొప్పాయి, మామిడి కూడా. ఇవి రేచీకటి తెచ్చే విటమిన్ ఎ లోపాన్ని అడ్డుకుంటాయి. తొమ్మిది నెలలప్పుడు మొదలై ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఎ ద్రావణం అందుకోసమే. లేజీ ఐకి దానితో సంబంధం లేదు. ఆకు పసరు, తేనె, ఆముదం, చనుబాలు మాత్రం ఏ కారణానికీ కంట్లో వేయకండి. కళ్లు దురదగా ఉన్నాయని మందుల దుకాణంలో అడిగి తెచ్చే చుక్కలూ వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు రెండు రోజుల్లో పోతుంది, నెలల తరబడి వాడితే కంటి ఒత్తిడి పెరిగి చూపే పోతుంది. అలా వచ్చిన పిల్లలను నేను చూశాను, ఆ చూపు తిరిగి రాలేదు.

అమ్మాయి సంగతి వేరు. ఆమెది హ్రస్వదృష్టి, అంటే దూరంలోవి మసకగా కనబడే మైనస్. అక్కడ కనుగుడ్డు వెనక్కి సాగుతోంది. ఒక మిల్లీమీటరు అదనంగా సాగితే సుమారు రెండున్నర నుంచి మూడు పవర్ పెరుగుతుంది, అది వెనక్కి రాదు. అద్దాలు పెట్టడం వల్ల పెరుగుతోందన్న మాట నిజం కాదు. కావాలని తక్కువ పవర్ ఇప్పిస్తే పెరుగుదల ఆగదు, ఎక్కువైన సందర్భాలున్నాయి. ఫోను, పుస్తకం చాలాసేపు ముఖానికి దగ్గరగా పెట్టుకోవడం, ఆరుబయట తిరగకపోవడం మైనస్‌కు తోడ్పడతాయి. నీలి కాంతిని ఆపే అద్దాలంటూ అదనంగా వసూలు చేస్తారు, ఆ డబ్బుతో ఒక షటిల్ బ్యాటు కొనండి.

హాస్యానికి అనలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ నలభై నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే తరగతి పెట్టారు. మూడేళ్లలో వాళ్లలో 30.4 శాతం మందికి మైనస్ వచ్చింది, ఆ తరగతి లేని బడుల్లో 39.5 శాతం మందికి. తైవాన్‌లో 2010 నుంచి బడి పిల్లలను రోజుకు 120 నిమిషాలు బయట ఉంచే కార్యక్రమమే నడుస్తోంది. పనిచేసేది ఆట కంటే ఎక్కువగా వెలుతురు. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మన గదిలో అది కొన్ని వందల లక్స్ ఉంటే, ఎండలో పదివేలు దాటుతుంది, చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. మన ఎండలకు మిట్టమధ్యాహ్నం అక్కర్లేదు, ఉదయం కొంత, సాయంత్రం కొంత చాలు. ఇది మైనస్ రాకుండా ఆపడంలో బాగా పనిచేస్తుంది, వచ్చేసిన దాన్ని తగ్గించడంలో అంత కాదు. కాబట్టి ఏడాదికి అర పవర్ కంటే ఎక్కువ పెరుగుతుంటే, తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కల గురించి, పెరుగుదలను నెమ్మదింపజేసే ప్రత్యేక అద్దాల గురించి డాక్టరును అడగండి. ఈ అట్రోపిన్, పరీక్షకు వేసే దానికంటే ఎన్నో రెట్లు పలుచన.

మీ ఇంటికి సంబంధం లేకపోయినా, ఇది చదివే మిగతా తల్లుల కోసం నాలుగు మాటలు. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెల్ల కనబడితే అదృష్టం అని మురిసిపోకండి, చూపించండి. ముక్కు దూలం వెడల్పుగా ఉండి మెల్లలా అనిపించే పిల్లలూ ఉంటారు, అది తేల్చాల్సింది పరీక్షే. ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకునే పిల్లలకు అప్పుడప్పుడు బయటికి తిరిగే మెల్ల ఉండవచ్చు. ఫోటోలో ఒక కనుపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే మర్నాడే వెళ్లండి, వారం ఆగవద్దు. అది కంటిలో కణితి కావచ్చు, ముందే దొరికితే ప్రాణమూ, చాలాసార్లు కన్నూ దక్కుతాయి. నెలలు నిండకుండా, రెండు కిలోల లోపు బరువుతో పుట్టిన బిడ్డకు ముప్పై రోజులు నిండేలోపు రెటీనా పరీక్ష జరిగి తీరాలి. ఇంకా చిన్నగా పుట్టిన వాళ్లకు రెండు మూడు వారాలకే. ఆసుపత్రి వాళ్లు చెప్పడం మరిచిపోయినా మీరు అడగండి.

మళ్లీ పరీక్షకు వెళ్లేటప్పుడు బాబు అద్దాలు, పాత చీటీలు, పట్టీ ఎన్ని రోజులు ఎంతసేపు వేశారో రాసిన కాగితం తీసుకెళ్లండి. మానేసిన రోజులు కూడా నిజంగానే రాయండి. రోజూ వేశారని మీరు చెబితే, చూపు పెరగనప్పుడు డాక్టరు పట్టీని ఆరు గంటలకు పెంచుతారు.